మైలురాయి అనే మాట

శిశువికాసాన్ని గురించిన ఒక చిన్న పుస్తకాన్ని కొన్నేళ్ళ క్రితం ఆంగ్లం నుంచి అనువదించవలసి వచ్చింది. అందులో పుటపుటకూ ఎదురైన మాట 'మైల్‌స్టోన్'. తెలుగులో మైలురాయి సిద్ధంగా ఉన్నది కనుక నా కలం ఆగలేదు. ఆగి ఉండవలసిందని తరువాత తెలిసింది.

రోడ్డుపక్క రాయి కదలదు. ఎవరు నడిచినా అదే చోట ఎదురవుతుంది. పిల్లల ఎదుగుదల అటువంటిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా అయిదు దేశాల పసివారిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఎనిమిది నెలలు దాటగానే ఒంటరిగా నడిచినవారు కొందరు, పదిహేడు నెలలు దాటినదాకా నడవనివారు కొందరు, అందరూ ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు మోకాళ్ళపై దోగాడనే లేదు. (మన ఇళ్ళలో అయితే అమ్మమ్మలకు ఎన్ని నిద్రలేని రాత్రులో!) అందుకే ఆ శాస్త్రజ్ఞులు మైలురాయి పక్కన 'కిటికీ' అనే మాటను కూడా చేర్చుకున్నారు.

బడికి వెళ్ళబోయే వయసులోనూ ఇదే తీరు. మూడేళ్ళకు సున్న, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, అయిదేళ్ళకు త్రిభుజం చూసి గీస్తారని పట్టికలు చెబుతాయి. కాస్త అటూ ఇటూ అయినా కంగారు లేదు. కాని ఈ వయసులోని అసలు వింత భాషలో జరుగుతుంది. మా అన్నయ్యగారి అమ్మాయి మూడేళ్ళప్పుడు "మనకు రెండు ఇల్లులు" అన్నది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆలోచిస్తే, ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారు? పెద్దలందరూ 'ఇళ్ళు' అనేవారే. చెట్లు, పూలు, బొమ్మలు విని ఆ పిల్ల తనంతట తానే ఒక సూత్రం కట్టుకున్నది. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు, లోకంలో లేని జంతువు బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టి, అవి రెండైతే ఏమంటారని పిల్లలను అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకు నాలుగేళ్ళవారు సైతం బహువచనం కట్టి చూపారు. వ్యాకరణం చదవని వయసులో వ్యాకరణం!

ఇంతవరకూ సంతోషమే. కిటికీ అన్న మాట నాకు ఎంతో నచ్చింది. మా పక్కింటి పిల్లవాడికి మూడున్నరేళ్ళు వచ్చినా రెండు మాటలు కలిపి చెప్పడం లేదని వాళ్ళ అమ్మ దిగులుపడినప్పుడు, చదివిన గర్వంతో, "ఒక్కొక్కరిదీ ఒక్కొక్క వేళ, కంగారుపడకండి" అన్నాను. తండ్రికి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని నానమ్మగారు వంత పాడారు. తలుపు దబ్బున పడితే వాడు తిరిగి చూసేవాడు కనుక చెవుల మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగున్నరేళ్ళకు గాని వినికిడి లోపం బయటపడలేదు. ఒక ఏడాది పోయింది. అందులో నా వంతు ఉన్నది.

కిటికీకి రెండో రెక్క కూడా ఉంటుందన్న సంగతి నేను ఆమెకు చెప్పలేదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికలను సవరించింది అందుకే. సగంమంది పిల్లలు సాధించే వయసును పక్కన పెట్టి, నూటికి కనీసం డెబ్బై అయిదుమంది సాధించే వయసును లెక్కకు తీసుకున్నది. సగం లెక్క అయితే మిగిలిన సగంమంది తల్లులకూ "ఆగి చూద్దాం" అనవలసి వస్తుంది. అలా అనడం అలవాటైన నోరు, ఆగకూడని బిడ్డ విషయంలోనూ అదే అంటుంది.

మన దేశంలో 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను వైద్యబృందం ఏటా రెండుసార్లు పరీక్షించాలి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మా పక్కింటి పిల్లవాడు ప్రైవేటు నర్సరీకి వెళ్ళేవాడు. ఆ బృందం కంట పడే అవకాశమే లేకపోయింది.

పుస్తకం రెండవ ముద్రణలో మైలురాయిని అలాగే ఉంచి, మాట ఆలస్యమైతే ముందు చెవులు పరీక్షించాలని ఒక వాక్యం చేర్చమని ప్రకాశకులను అడిగాను. చేర్చారు. పిల్లవాడికి ఇప్పుడు ఆరేళ్ళు, చెవికి యంత్రం ఉన్నది. మొన్న మా వరండాలో అట్టముక్కలతో ఏదో కడుతూ, "మూడు ఇల్లులు" అని చూపించాడు. నేను దిద్దలేదు.