బండి మనదైతే రిపేరు హక్కూ మనదే

పోయిన కాపులో ఒక తెల్లవారుజామున టమోటా బాక్సులు కట్టుకొని పత్తికొండ మార్కెట్టుకు పోతున్నాను. నాది 2007 నాటి స్ప్లెండర్. సగం దారిలో జర్కులు కొట్టి ఆగిపోయింది. పక్కకు తీసి ప్లగ్గు విప్పితే నల్లగా మసి పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి కిక్కు కొట్టాను. పది నిమిషాల పని. వేలం మొదలయ్యే లోపలే మార్కెట్టు చేరాను.

అదే దారిలో కొంచెం ముందుకు పోతే తెలిసిన రైతు ఒకాయన బండి ఆపుకొని నిలబడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట కంతుల మీద తీసుకున్న బండి. మీటరులో పసుపు లైటు వెలుగుతోంది, ఇంజను మాత్రం పలకడం లేదు. "అన్నా, నీ స్పానరు ఇట్ల ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను గానీ ఏది విప్పాలో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. టమోటాలు అటుగా వచ్చిన ఆటోలో ఎక్కించినాము. బండిని ట్రాలీలో పట్నం షోరూముకు పంపినాము. కంప్యూటరు పెట్టి చూసి ఏదో సెన్సారు పోయిందన్నారు. ఆ వస్తువు తెప్పించి వేసి బండి ఇచ్చేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆయనకు ఆటో బాడుగలే.

కొత్త బండి చెడ్డదని నేను అనడం లేదు. బండికి డబ్బు కట్టింది ఆయన, పెట్రోలు పోసేది ఆయన. అది ఆగిపోతే మాత్రం ఆయన చేతిలో ఏమీ లేదు. ఈ నెల మన పత్రికలో దీని గురించే రాయాలనిపించింది.

మన సమావేశాల్లో విత్తనం, ఎరువు, గిట్టుబాటు ధర, పంటల బీమా గురించి మాట్లాడుకుంటాం. బండి గురించి మాట్లాడుకోం. అది సోకు వస్తువు అన్నట్టు వదిలేస్తాం. ఆలూరు, ఆదోని పక్క చూడండి, ముద్దనూరు, కమలాపురం పక్క చూడండి. మందు కొట్టే పంపు, ఎరువు మూట, గడ్డిమోపు, పాల క్యాను, అన్నీ బండి మీదనే. రాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి పోయేది దాని మీదనే. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆసుపత్రికి పోయేదీ దాని మీదనే. బస్సు రాని పల్లెల్లో మడక, గుంటక ఎట్లనో బండీ అట్లనే. అది సేద్యపు పనిముట్టు.

మన తాతల కాలంలో మడక కర్రు మొద్దుబారితే కమ్మరి కొలిమి ఊళ్ళోనే ఉండేది. గుంటక విరిగితే వడ్రంగి సరిచేసేవాడు. కళ్ళంలో వాళ్ళకు మేర కొలిచేవాళ్ళు. పనిముట్టు ఊళ్ళోనే బాగయ్యేది కాబట్టి దాని వల్ల అదను తప్పేది కాదు. హీరో హోండా సీడీ 100 మన దేశంలో 1985లో, స్ప్లెండర్ 1994లో వచ్చాయి. ఆ బండ్లు కూడా ఈ పద్ధతిలోకే ఒదిగిపోయాయి. కార్బురేటరు, ప్లగ్గు, చైను, క్లచ్ కేబులు అన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. ఊరికొక మెకానిక్కు తయారైనాడు. ఆయనే ఈ కాలపు కమ్మరి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలని నిబంధన వచ్చింది. దాంతో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. పొగ తగ్గింది, అది మంచిదే. అయితే తప్పు ఎక్కడుందో తెలియాలంటే స్కానరు కావాలి. అది మన ఊరి మెకానిక్కు దగ్గర లేదు. మనకు రావలసింది పాత పొగ కాదు, ఆ స్కానరూ ఆ సమాచారమూ.

అంతవరకు నడుస్తున్న పాత బండిని తొందరపడి అమ్ముకోవద్దు. కొత్త బండి అంటే మనలో చాలామందికి కంతులే. వాన పడినా, పడకున్నా కంతు ఆగదు. పాత బండిని బాగా చూసుకుంటే ఒక అప్పు తప్పినట్టే. అందుకు ఇంటి దగ్గర చేసుకోవలసిన పనులు పెద్ద కష్టమైనవి కావు.

ఎయిర్ ఫిల్టరు: మన ఎర్రమట్టి దుమ్ముకు మొదట దెబ్బ తినేది ఇదే. స్పాంజి ఫిల్టరు అయితే సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, కొంచెం ఆయిలు పట్టించి పిండి పెట్టండి. కాగితం ఫిల్టరు అయితే కడగవద్దు, మార్చేయండి. ఫిల్టరు తీసేసి నడిపితే దుమ్ము లోపలికి పోయి పిస్టను, రింగులు అరిగిపోతాయి.

ఇంజను ఆయిలు: బండి కొంచెం వేడిగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా వస్తుంది. కింది బోల్టును బలమంతా పెట్టి బిగించవద్దు, మర పోతే ఖర్చు పెద్దది. పాత ఆయిలును వంకలో, చేనులో పోయవద్దు. డబ్బాలో పట్టి మెకానిక్కుకు ఇవ్వండి.

ప్లగ్గు: గోధుమ రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఫిల్టరు మూసుకుపోయింది. ఆయిలు తడి ఉంటే రింగులు అరిగినట్టు, మెకానిక్కుకు చూపించాలి.

చైను: చేతితో ఎత్తితే ఒక అంగుళం ఆడాలి. నల్లరేగడిలో వాన తర్వాత పోయి వస్తే చైనుకు, మడ్‌గార్డుకు పట్టిన బురద ఆ రోజే తీసేయండి. ఒక మాట గుర్తుంచుకోండి. ఇంజను స్టార్టు చేసి, గేరులో పెట్టి చైను తుడవవద్దు. మా పక్క ఊరి పిల్లవాడికి అట్లనే వేలు పోయింది.

బ్రేకులు, టైర్లు: వీటి దగ్గర మాత్రం పొదుపు చూడవద్దు. అరిగిన లైనర్లతో, నున్నబడిన టైరుతో రెండు మూటలు వేసుకొని పోవడం పొదుపు కాదు.

ఇంత చేసినా మన చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి. అక్కడ సంఘం గట్టిగా మాట్లాడాలి.

మొదటిది, ఫీజు. బండికి 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి. ద్విచక్ర వాహనానికి 300 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 చేశారు. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. నా బండికి 2027లో 20 నిండుతాయి. పట్నంలో మూడో బండిగా మూల పడి ఉన్నదానికీ, రైతు బతుకు లాగే బండికీ ఒకటే లెక్క ఎట్లా అవుతుంది? బండి పరీక్షించండి, పొగ చూడండి, మేము కాదనం. బాగున్న బండికి వయసును బట్టి జరిమానా వేసినట్టు ఫీజు పెంచవద్దు. చిన్న, సన్నకారు రైతులకు పాత ఫీజే ఉంచాలి.

రెండోది, పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై 2025కల్లా దేశమంతా వచ్చింది. ఇథనాల్ చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి వస్తుంది. మొక్కజొన్న రైతుకు ధర దొరికితే మనకు సంతోషమే. కానీ ఇంత ఇథనాల్‌కు తయారు కాని ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చే బండికి ఇది సుమారు రెండు కిలోమీటర్లు. పాత బండ్లలో రబ్బరు పైపులు, వాషర్లు ముందుగా మార్చుకోవలసి వస్తుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ట్యాంకు అడుగున నీరు చేరే ప్రమాదం ఉంది. అట్లా నిలిపేటప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు దించేయండి. ప్రభుత్వాన్ని మనం అడగవలసింది ఒకటే. పాత బండ్లకు సరిపోయే పెట్రోలు కూడా బంకులో మామూలు ధరకు దొరకాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రిపేరు హక్కు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీని మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు రెండూ అందులో ఉన్నాయి. అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టలు తెరిచారు. కంపెనీ ఇష్టమైతే పెట్టే సమాచారంతో మన పల్లె మెకానిక్కుకు పని జరగదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. ట్రాక్టర్లు, కోత యంత్రాలు అమ్మే కంపెనీలు విడిభాగాలు, మాన్యువళ్ళు, సాఫ్టువేరు రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇచ్చి తీరాలని అందులో ఉంది. వందల ఎకరాల రైతులకే ఆ చట్టం కావలసి వస్తే, అయిదు ఎకరాల మెట్ట రైతుకు వద్దా? ఇక్కడా అట్లాంటి చట్టం రావాలి. బండ్లకూ ట్రాక్టర్లకూ స్కానరు, తెలుగులో మాన్యువలు, న్యాయమైన ధరకు విడిభాగాలు దొరకాలి.

చట్టం వచ్చే దాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ప్రతి మండల శాఖ ఒక ఆదివారం పెట్టుకోండి. ఊరి మెకానిక్కును పిలవండి, ఆయన పూటకు కూలి కట్టివ్వండి. ప్లగ్గు తీయడం, చైను సరిచేయడం, ఆయిలు దించడం మన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా నేర్పించండి. శాఖకు ఒక స్పానర్ల సెట్టు, ఒక గాలి పంపు కొనిపెట్టండి. ఆ రోజే పైన రాసిన మూడు డిమాండ్ల మీద సంతకాలు తీసుకొని తహసీల్దారుకు ఇవ్వండి. మా మండలంలో వచ్చే నెల మొదటి ఆదివారం మొదలుపెడుతున్నాం. నా బండినే విప్పి చూపిస్తాం.