కిలో ఎంత పడింది?

కిరాణా కొట్టులో పక్కపక్కనే రెండు పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు ఉన్నాయనుకుందాం. ఒకటి 150 రూపాయలు, రెండోది 145. రెండూ చూడ్డానికి ఒకే సైజు. చాలామంది చెయ్యి 145 రూపాయల ప్యాకెట్ మీదికే పోతుంది. వెనక్కి తిప్పి చూస్తే మొదటిదాని మీద 910 గ్రాములు, రెండోదాని మీద 850 గ్రాములు అని ఉంటుంది. లెక్క కడితే మొదటిది కిలో 165 పడింది, రెండోది 170 దాటింది. ఐదు రూపాయలు మిగిలాయనుకున్న మనిషి నిజానికి కిలోకు ఐదు రూపాయల పైనే ఎక్కువ ఇచ్చాడు. ఈ ధరలు లెక్క కోసం తీసుకున్నవే గానీ, తూకాల్లో తేడా మాత్రం ఇవాళ నూనె ప్యాకెట్లు తిప్పి చూసే ఎవరికైనా కనిపించేదే.

లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ అనగానే జనం మనసులో మెదిలే కొలత అదే. మొన్నమొన్నటి దాకా చట్టంలోనూ కొలతలు ఉండేవి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో నూనె, పప్పులు, బిస్కెట్లు, టీ, కాఫీ, ఉప్పు, సబ్బుల లాంటి సరుకులను ఏయే సైజుల్లో ప్యాక్ చేయాలో ఒక పట్టిక రాసి పెట్టారు. 2021 నవంబరులో కేంద్రం సవరణ తెచ్చి ఆ పట్టికను ఎత్తేసింది. కంపెనీలు ఎంత తూకంలోనైనా ప్యాక్ చేసుకోవచ్చు, దానికి బదులుగా ప్యాకెట్ మీద యూనిట్ ధర ముద్రించాలి అన్నది కొత్త ఏర్పాటు. గడువులు పొడిగించుకుంటూ పోయి చివరికి అది అమల్లోకి వచ్చింది. నూనె విషయంలో మరో మెలిక కూడా ఉండేది. కొందరు 60 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన లీటరును లీటరుగా చూపించేవారు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, తక్కువ బరువుకే లీటరు నిండుతుంది. 2022 ఆగస్టులో వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని పట్టుకుని, ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి బరువు సరిగ్గా రాయమంది. ఆ పని బాగానే చేసింది.

యూనిట్ ధర దగ్గరే అసలు చిక్కు. కిలోకు తక్కువ తూగే ప్యాకెట్ మీద గ్రాము ధర వేయాలన్నారు, అదీ దశాంశ బిందువు తర్వాత రెండు అంకెల వరకే. దాంతో కిలో 166 రూపాయలు పడే నూనె మీదా, 174 పడే నూనె మీదా ఒకటే అంకె కనిపిస్తుంది: గ్రాము 0.17 రూపాయలు. కిలోకు ఎనిమిది రూపాయల తేడా అక్కడికక్కడే మాయమైపోయింది. పైగా ఆ అంకె ఉండేది తయారీ తేదీ, బ్యాచ్ నంబరు పక్కన, అద్దాలు పెట్టుకుంటే తప్ప ఆనని అక్షరాల్లో. నూనె, పప్పు, చక్కెర గురించి ఈ దేశంలో అందరూ కిలోల్లోనే ఆలోచిస్తారు. యూరప్ దేశాల్లో 1998 నాటి ఆదేశం ప్రకారం దుకాణంలో సరుకు ధరతో పాటు కిలో లేదా లీటరు ధర కూడా కనబడాలి. ఇక్కడా గ్రాము ధరను కిలో ధరగా మార్చడానికి నిబంధనలో ఒక్క వాక్యం దిద్దితే సరిపోతుంది. నూనె పరిశ్రమలోనే కొందరు పాత సైజులు మళ్లీ తెమ్మని అడుగుతున్నారు. నిజాయతీగా తూకం ఇచ్చే కంపెనీకి కూడా ఈ గందరగోళం వల్ల నష్టమే.

అందాకా ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, అందులో క్యాలిక్యులేటర్ ఉంది. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణిస్తే కిలో ధర వస్తుంది.

ఈ లెక్కకు బాగా దొరికిపోయేది పది రూపాయల ప్యాకెట్. పది రూపాయలు దాటితే కొనరన్న భయంతో కంపెనీలు ధరను కదిలించవు, లోపలి సరుకును తగ్గిస్తాయి. 2022లో ఒక ప్రముఖ కంపెనీ ఆలూ భుజియా పది రూపాయల ప్యాకెట్ 55 గ్రాముల నుంచి 42కు దిగింది. అంటే కిలో 182 రూపాయల నుంచి 238కి ఎక్కింది. ధర మాత్రం అదే పది. అదే ఏడాది అంట్లు తోమే సబ్బు 155 గ్రాముల నుంచి 135 అయింది. ఇంటి ఖర్చు పెరుగుతున్నది కూడా ఈ వైపే. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో కుటుంబం నెల ఖర్చులో 11 శాతం పానీయాలు, చిరుతిళ్లు, బయటి వంటకాలు, ప్యాక్ చేసిన ఆహారానికే పోతోంది. బియ్యం, గోధుమల లాంటి ధాన్యాలకు అందులో సగం కూడా పెట్టడం లేదు. బియ్యం దగ్గర కిలోకు రూపాయి కోసం గంటసేపు బేరమాడే ఇంట్లోనే చిప్స్ ప్యాకెట్ కిలో ఎంత పడిందో ఎవరూ అడగరు. స్వగృహ దుకాణంలో జంతికలు, చేగోడీలు కిలో లెక్కనే అమ్ముతారు. ఖరీదు ఎక్కువే అనిపిస్తుంది గానీ, ధర కళ్లెదుట ఉంటుంది, కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఇక బియ్యం బస్తా. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది, కానీ అది 25 కిలోల వరకే. అందుకే తెలుగు రాష్ట్రాల్లో 26 కిలోల బస్తా పుట్టుకొచ్చింది. మిల్లర్లు చట్టం లోపలే చేసిన పని ఇది, వినియోగదారుడికి మేలే. కాకపోతే ఒక కొట్టులో 25 కిలోల బస్తా, ఇంకో కొట్టులో 26 కిలోల బస్తా ఉన్నప్పుడు ‘బస్తా ఎంత’ అని అడిగితే సరైన జవాబు రాదు. 1,400కు 25 కిలోలంటే కిలో 56. 1,430కి 26 కిలోలంటే కిలో 55. ముప్పై రూపాయలు ఎక్కువ చెప్పిన కొట్టే చౌక.

బియ్యంలో ఇంకో మర్మం ఒదుగు. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుంది, అదే కొలతకు ఎక్కువ అవుతుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది. ధరలో తేడా అందుకే. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, సంక్రాంతి ముందూ వెనకా, కొత్త బియ్యం తక్కువకు దొరికేటప్పుడు మిల్లులోనో తెలిసిన రైతు దగ్గరో కొని, ఆరునెలలు పాతబెట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చోటున్నవాళ్లకు ఇంతకు మించిన పొదుపు లేదు. కొనేముందు రకం కచ్చితంగా అడగాలి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, హెచ్‌ఎంటీ వేరువేరు బియ్యాలు, వేరువేరు ధరలు. బస్తా మీద బొమ్మకూ లోపలి గింజకూ సంబంధం లేకపోవచ్చు. గుప్పెడు తీసి నూకా, రంగు మారిన గింజలూ ఏపాటి ఉన్నాయో చూడ్డానికి మొహమాటం అక్కర్లేదు.

చింతపండు, ఎండుమిర్చి, పసుపు, కందులు కూడా ఇంతే. పంట చేతికొచ్చే శీతాకాలం చివర నుంచి ఎండాకాలం దాకా ఏడాదికి సరిపడా కొనుక్కోవడం మన ఇళ్లలో పాత అలవాటు. కందిపప్పుకు ఆముదం పట్టించి, వేపాకు ఎండబెట్టి డబ్బాలో వేస్తే పురుగు దరిచేరదు. అద్దె ఇంట్లో రెండు గదుల్లో ఉండేవాళ్లకు ఏడాది సరుకు కుదరదు. మూడు నెలలకు తెచ్చుకున్నా లాభమే.

కూరగాయలను మాత్రం దాచుకోలేం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. సెప్టెంబరుకల్లా అదే టమాటాను కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో రైతులు గిట్టుబాటు కాక రోడ్ల మీద పారబోశారు. ధర మండినప్పుడు పప్పులో చింతపండో మామిడికాయో వేసుకుని, దిగినప్పుడు మళ్లీ టమాటా తెచ్చుకునే ఇల్లు రెండు విధాలా నష్టపోదు.

1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజారు ఒక గొప్ప పని చేసింది. పొద్దున్నే ఏ కూర కిలో ఎంతో బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాస్తారు. టోకు ధరకు కాస్త పైన, బయటి కొట్ల ధరకు కాస్త కింద ఆ రేటు కడతారు. బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడి చూసినవాళ్లను ఏ దుకాణంలోనూ మోసం చేయలేరు. రైతుల పేరిట దళారులు కూర్చుంటున్నారన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉంది. గుర్తింపు కార్డులు తనిఖీ చేస్తే అది ఆగుతుంది. చేయకపోవడం అధికారుల తప్పే.

ఇప్పుడు పట్టణాల్లో సరుకు పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తోంది. పాలు, కొత్తిమీర, రెండు నిమ్మకాయలు కలిపి నూట ఇరవై రూపాయలకు తెప్పిస్తే, డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ పేరుతో పాతిక ముప్పై చేరితే, అది సరుకు విలువలో దాదాపు నాలుగో వంతు. వీధిలో కూరగాయల బండి దగ్గర ఆ కొత్తిమీర కొసరుగా వచ్చేది. జ్వరం వచ్చినప్పుడో, ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడో ఈ సేవ విలువైనదే, కాదనడానికి లేదు. రోజువారీ అలవాటైతేనే ఖర్చు తెలియకుండా ఎక్కుతుంది. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చార్జీలను చివర్లో బయటపెట్టడం లాంటి 13 రకాల మాయలను 2023 నవంబరులోనే కేంద్రం నిషేధించింది. బిల్లులో అలాంటివి కనబడినా, ఏ దుకాణంలోనైనా ఎమ్మార్పీకి మించి తీసుకున్నా, తూకం తగ్గినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు, ప్యాకెట్ దాచి ఉంచితే ఫిర్యాదు నిలబడుతుంది. సరుకులను ధరను బట్టి వరుసగా పేర్చి చూపించడం యాప్‌లకు చేతనైన పనే. కిలో ధరను బట్టి కూడా పేర్చి చూపించి తీరాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ వాటిని ఆదేశించాలి.