చూసిన బొమ్మ: తలుపు తీయనన్న మనిషి

పోయిన నెల ఈ శీర్షిక చదివిన ఒక సోదరి మమ్మల్ని నిలదీశారు. “డాక్టరుగారూ, ఆ భయంకర చిత్రాల్లో మనుషులకి బుద్ధి ఉండదు. వెళ్ళొద్దన్న చోటికే వెళ్తారు, తీయొద్దన్న తలుపే తీస్తారు. వాటి గురించి రాయడానికేముంది?” అన్నారు. సబబైన ప్రశ్నే. అయితే తీయకూడని తలుపు ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నదాని మీదే నడిచే చిత్రం ఒకటుంది. అది 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’. కథ బయటపెట్టకుండా దాని సంగతి చెప్పడం మా వల్ల కాదు. చూడదలచినవారు ముందు చూసి, తర్వాత ఈ పేజీ తిప్పండి.

నోస్ట్రోమో అనే అంతరిక్ష నౌక 2 కోట్ల టన్నుల ఖనిజంతో భూమికి తిరిగి వస్తుంటుంది. అందులో ఏడుగురు మనుషులు, ఒక పిల్లి. వాళ్ళు వీరులేమీ కారు, మనలాగే జీతం రాళ్ళ మీద బతికేవాళ్ళు. సుదీర్ఘ నిద్రలో ఉన్న వాళ్ళను నౌకలోని కంప్యూటరు దారి మధ్యలో లేపుతుంది. ఎక్కడి నుంచో ఏదో సంకేతం వస్తోంది. వెళ్ళి చూడకపోతే ఎవరికీ వాటా దక్కదని ఒప్పందంలోనే ఉంది. ఇంజను చూసే పార్కర్, బ్రెట్‌ల ఏడుపంతా తమ వాటా తక్కువనే. ఆ సంభాషణ వింటుంటే ఏదో ఆఫీసు క్యాంటీనులో కూర్చున్నట్టుంటుంది.

బయటికి వెళ్ళినవారు ముగ్గురు: కెప్టెన్ డాలస్, లాంబర్ట్, కేన్. ముందుగా నేను వస్తానన్నది కేనే. అతన్ని లాక్కుపోయింది కుతూహలం. అక్కడ ఒక గుడ్డులోంచి ఎగిరిన జీవి అతని ముఖానికి అతుక్కుపోతుంది. మిగతా ఇద్దరూ అతన్ని మోసుకొచ్చి తలుపు తీయమంటారు. అప్పుడు లోపల అధికారం రిప్లీ అనే ఆమెది. 24 గంటల క్వారంటైన్ లేకుండా లోపలికి రానివ్వకూడదని నియమం. ఆలోగా మనిషి పోతాడంటాడు కెప్టెన్. తీయమని ఆజ్ఞాపిస్తాడు. ఆమె తీయనంటుంది. శాస్త్రాధికారి యాష్ మాత్రం మారుమాటాడకుండా మీట నొక్కి తలుపు తీసేస్తాడు.

మొదటిసారి చూసేవారెవరైనా ఇక్కడ యాష్‌నే మెచ్చుకుంటారు. రిప్లీ రాతిగుండె మనిషనిపిస్తుంది. 2003లో వచ్చిన దర్శకుడి ప్రతిలో లాంబర్ట్ ఆమె చెంప ఛెళ్ళుమనిపిస్తుంది కూడా. ఆ దెబ్బ మనం కొట్టినట్టే ఉంటుంది.

తర్వాత గాని గుట్టు తెలియదు. యాష్ మనిషే కాదు, మర. బయలుదేరడానికి 2 రోజుల ముందు పాత శాస్త్రాధికారిని మార్చి అతన్ని ఎక్కించారు. ఆ జీవిని ఎలాగైనా తీసుకురావాలి, సిబ్బంది పోయినా ఫరవాలేదు, ఇదీ కంపెనీ రహస్య ఆజ్ఞ. దయగా కనిపించిన పనిలో దయ లేశమైనా లేదు. కఠినంగా కనిపించిన పనిలోనే అందరి క్షేమమూ ఉంది. చేసిన పనిని బట్టి మనసును అంచనా కట్టడం ఎంత కష్టమో ఇంతకన్న బాగా చూపించిన చిత్రాన్ని మేం చూడలేదు.

మా వృత్తిలో ఈ తలుపు పాతదే. 1377లో రగూసా రేవులో, ప్లేగు ఊళ్ళ నుంచి వచ్చినవారిని 30 రోజులు ఊరి బయట ఉంచాలని శాసనం చేశారు. 1969లో చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన ముగ్గురినీ, అక్కడి మట్టి తాకిన నాటి నుంచి లెక్కగట్టి 21 రోజులు విడిగా ఉంచారు. మన ఊళ్ళల్లో అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు గదా, ఆ ఆకులు కూడా పరాయివాళ్ళను గడప దగ్గరే ఆపేవి.

ఇక 2020 సంగతి చెప్పనక్కర్లేదు. భర్త లోపల, భార్య అద్దం అవతల. ఆపవలసిన మనిషి స్థానంలో మేమున్నాం. అదే ఏడు మార్చిలో ఇండియాకి విమానాలు ఆగిపోయినప్పుడు, మనలో ఎందరో కన్నవారి కడసారి చూపుకు కూడా నోచుకోలేదు. తలుపుకు ఇటు నిలబడ్డవాడి బాధా, అటు నిలబడ్డవాడి బాధా మనకు తెలియనివి కావు. అందుకే రిప్లీని మెచ్చుకుని డాలస్‌ను తిట్టడం మాకు చేతకాదు. తోటి మనిషిని చేతుల మీద మోసుకొచ్చినవాడికి 24 గంటలంటే ఎంతో మాకు తెలుసు.

మరి ఈ పాత్రలను ఏ గీటురాయి మీద చూడాలి? మాకు తోచింది ఒకటే. ఎవరు ఎవరి ప్రాణాన్ని పణంగా పెడుతున్నారు? తలుపు దగ్గర డాలస్ ఒక్కడి కోసం అందరినీ ఒడ్డాడు. తర్వాత ఆ జీవి గాలి గొట్టాల్లో దాక్కున్నప్పుడు, ఇంకొకరిని పంపకుండా తానే దూరాడు. తిరిగి రాలేదు. పార్కర్ చూడండి. మొదట వాటా తప్ప మరో మాట ఎరగడు. చివర్లో ఆ జీవి లాంబర్ట్ ఎదుట నిలబడుతుంది. చేతిలో మంటలు చిమ్మే ఆయుధం ఉంది, కాలిస్తే ఆమె కూడా కాలిపోతుందని కాల్చలేకపోతాడు. వట్టి చేతులతో మీదపడి ప్రాణం వదులుతాడు. డబ్బు లెక్కపెట్టిన మనిషి ఆ క్షణంలో ఏ లెక్కా చూసుకోలేదు.

రిప్లీ సంగతి మరీ విచిత్రం. మనిషికి తలుపు తీయనన్న ఆమె, అందరూ పోయాక, కాసేపట్లో పేలిపోబోయే నౌకలో పిల్లి ఉన్న పెట్టె కోసం ఆగుతుంది. ఇదేం తెలివి అని నవ్వేవాళ్ళున్నారు. మాకు మాత్రం ఆమె ఎక్కడా మాట తప్పినట్టు కనిపించదు. తలుపు దగ్గర తలవంచితే పోయేది తోటివాళ్ళ ప్రాణాలు. పిల్లి దగ్గర పోతే పోయేది తన ఒక్కదాని ప్రాణం. ఇతరుల ప్రాణాల విషయంలో పిసినారి, తన ప్రాణం విషయంలో దాత. మొదటి నుంచీ ఆమె అదే మనిషి. మనకు తెలియడానికి రెండు గంటలు పట్టింది.

మొదటి నుంచి చివరిదాకా ఏమీ ఒడ్డనివారు ఇద్దరే, యాష్, కంపెనీ. యాష్ తెగిపోయిన తలతో మాట్లాడేటప్పుడు కూడా ఆ జీవిని మెచ్చుకుంటాడు తప్ప చచ్చినవారి పేరెత్తడు. కోరలున్న ఆ జీవికన్న మాకు భయం వేసింది ఆ తలను చూసే. జీవి తన ఆకలి తాను తీర్చుకుంటుంది, దాన్ని నిందించి లాభం లేదు. గొంగళిపురుగులో గుడ్లుపెట్టే కందిరీగలు మన పెరట్లోనూ ఉన్నాయి. ఆరుగురి ప్రాణాలను ఖర్చు కింద రాసేసుకున్నవాడు మాత్రం ఎక్కడో కుర్చీలో కూర్చుని ఉంటాడు, తెర మీద ఒక్కసారి కూడా కనిపించడు.

ఒక హెచ్చరిక. భోజనాల బల్ల దగ్గర జరిగే ఒక దృశ్యం గట్టి గుండెవాళ్ళనే కుదిపేస్తుంది, పిల్లలను పడుకోబెట్టి చూడండి. రిప్లీ కథ 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన ‘ఏలియన్స్’లో కొనసాగుతుంది. అందులో ఆమె ఒక చిన్నపిల్ల కోసం వెనక్కి వెళ్తుంది. ఆ సంగతి వచ్చే నెల. ఈలోగా ఆ తలుపు దగ్గర మీరుంటే ఏం చేసేవారో రాసి పంపండి. ఇంట్లో ఇద్దరిదీ ఒకే జవాబైతే మరీ సంతోషం.