లెక్కకెక్కని విద్య

బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున పదమూడు సీజన్లు ఆడి పదకొండు టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ ఆటను ఇవాళ అంకెల్లో వెతకబోతే ఒక చిక్కొచ్చిపడుతుంది. అతని అసలు విద్యకు పద్దే లేదు. అవతలివాళ్లు బుట్టలోకి వేసే బంతిని గాల్లోనే అడ్డుకోవడంలో అతన్ని మించినవాడు లేడని ఆనాటి వాళ్లంతా చెబుతారు. ఆ బ్లాకులను ఎన్‌బీఏ లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలెట్టింది 1973-74 సీజన్‌లో. రసెల్ 1969లోనే రిటైరయ్యాడు.

ఆ అడ్డుకోవడంలోనూ ఒక ఒడుపుంది. చప్పట్లే కావాలంటే బంతిని ఫెడీమని కొట్టి ప్రేక్షకుల్లో పడేయొచ్చు. చూడ్డానికి బాగానే ఉంటుంది, బంతి మాత్రం మళ్లీ అవతలివాళ్లకే పోతుంది. రసెల్ వేళ్ల కొసలతో అలా తట్టేవాడు. అది తనవాళ్ల చేతుల్లో పడేది. ఇంకేం, తోటి ఆటగాడు బాబ్ కూజీ దాన్ని అందుకుని రెండో కొసకు పరుగు తీసేవాడు.

ఈ విద్యకు ముందుగా విలువ కట్టింది సెల్టిక్స్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్. 1956లో ఎడ్ మెకాలీ, క్లిఫ్ హేగన్ అనే ఇద్దరు ఆటగాళ్లను సెయింట్ లూయిస్ జట్టుకు ఇచ్చేసి మరీ రసెల్‌ను తెచ్చుకున్నాడు. జీతం మాట్లాడుకునేటప్పుడు గణాంకాల ఊసే ఎత్తనని మాటిచ్చాడట. అలాగని ఆవర్‌బాక్ సాధువేం కాదు. రిఫరీల మీద విరుచుకుపడేవాడు. గెలుపు ఖాయమనిపిస్తే చాలు, ఆట పూర్తి కాకుండానే బెంచీ మీద చుట్ట వెలిగించేవాడు. అవతలి జట్టుకు ఒళ్లు మండిపోయేది.

పెద్ద మ్యాచ్ ఉందంటే రసెల్‌కు కడుపులో తిప్పేది, వాంతయ్యేది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ చప్పుడు వినపడితేనే తోటివాళ్లకు ధైర్యం.

1966లో ఆవర్‌బాక్ తప్పుకుంటూ తన కుర్చీ ఇంకా ఆడుతున్న రసెల్‌కే అప్పజెప్పాడు. ఎన్‌బీఏలో నల్లజాతీయుడు హెడ్ కోచ్ కావడం అదే మొదలు. టైటిళ్లు తెచ్చిపెట్టినా ఊరు మాత్రం అతన్ని పూర్తిగా తనవాడనుకోలేదు. బోస్టన్ శివారు రీడింగ్‌లో అతని ఇంట్లోకి ఎవరో చొరబడ్డారు. గోడల మీద జాతి దూషణలు రాశారు, ట్రోఫీలు పగలగొట్టారు, పక్క మీద మలం వేసి పోయారు. 1972లో సెల్టిక్స్ అతని 6వ నంబరు జెర్సీని గౌరవంగా పైకెత్తే రోజున, జనాన్ని లోపలికి వదలకముందే, తోటి ఆటగాళ్ల మధ్య ఆ పని కానిమ్మన్నాడు. పొగరన్నవాళ్లున్నారు. ఆ పక్క దులుపుకున్నవాడికి ఆ మాత్రం పొగరుండటంలో వింతేముంది?

రసెల్ చివరి సీజన్‌లో సెల్టిక్స్ తమ డివిజన్‌లో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ముసలి జట్టన్నారు. అయినా ఫైనల్స్‌కు చేరింది. 1969 మే 5న లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో ఏడో మ్యాచ్. విల్ట్ ఛాంబర్లిన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ ముగ్గురూ అవతలే ఉన్నారు. లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ వేలకొద్దీ బెలూన్లు కప్పుకు కట్టించి, గెలవగానే వేడుక ఎలా సాగాలో కాగితం మీద అచ్చు వేయించాడు. ఆ కాగితం రసెల్ చేతికి చిక్కింది. తనవాళ్లకు చూపించాడు. కోచ్‌గా అంతకుమించిన ప్రసంగం అక్కర్లేకపోయింది. ఆఖరి నిమిషాల్లో సెల్టిక్స్ ఆటగాడు డాన్ నెల్సన్ వేసిన బంతి రింగుకు తగిలి నిట్టనిలువుగా లేచి మళ్లీ బుట్టలోనే పడింది. సెల్టిక్స్ 108-106తో గెలిచింది. ఆ రోజు రసెల్ వేసినవి 6 పాయింట్లే, పట్టిన రీబౌండ్లు 21.

ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి పురస్కారం మొదలైంది ఆ ఏడాదే. దాన్ని ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కిచ్చారు. 2009లో దానికి బిల్ రసెల్ పేరు పెట్టారు. రసెల్ దాన్ని ఒక్కసారీ అందుకోలేదు.