బొమ్మలు, బెల్లం, బోలెడంత నడక

‘మ్యూజియంకి పోదామా?’ అని ఫ్రెండ్స్ గ్రూపులో అడిగి చూడండి. ఒకరు నిద్రపోతున్న ఎమోజీ పెడతారు. ఇంకొకరు ‘అవన్నీ మనకి అర్థం కావులే’ అంటారు. మొదటివాళ్లకి నా దగ్గర మందు లేదు. రెండోవాళ్ల కోసమే ఈ వారం కబుర్లు. బొమ్మలు చూడటమంటే బాగా చదువుకున్నోళ్ల వ్యవహారమని మనలో చాలామందికి లోపల ఓ బెరుకు. అది పోవాలంటే చలికాలంలో ఓ నాలుగు రోజులు కోల్‌కతా వెళ్లి రండి.

కోల్‌కతానే ఎందుకంటారా? ఎండాకాలంలో ఉక్కపోతతో చంపేసే ఆ ఊరు డిసెంబరు, జనవరిల్లో నడిచేవాళ్లకి స్వర్గం. పగలు మెత్తటి ఎండ, రాత్రి 14 డిగ్రీల దగ్గర చలి. ఆ మాత్రానికే అక్కడివాళ్లు మంకీ టోపీలు దించేస్తారు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, విజయవాడల నుంచి నేరుగా హౌరాలో దిగొచ్చు.

ట్రిప్పులో నేను పెట్టుకున్న రూలు ఒక్కటే. రోజుకి ఒక్క మ్యూజియం, అందులో తీరిగ్గా చూసేది మూడే మూడు. మిగతా టైమంతా కాళ్లకీ, కడుపుకీ.

ఆ కాలం మీమ్స్

కాళీఘాట్ పటాలతో మొదలుపెట్టండి. 19వ శతాబ్దంలో కాళీఘాట్ గుడికొచ్చే యాత్రికులకి అమ్మడానికి పటువాలు అనే చిత్రకారులు చౌక కాగితం మీద చకచకా గీసిన బొమ్మలివి. దేవుళ్లనే కాదు, షోకులు చేసుకుని తిరిగే బాబుల్నీ, వాళ్ల మీదకి చీపురెత్తిన ఆడవాళ్లనీ గీశారు. ఒకరకంగా ఆనాటి మీమ్స్ అన్నమాట! చిల్లర డబ్బులకి అమ్ముడైన ఆ కాగితాలే ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

జామినీ రాయ్ కథ ఇంకా బాగుంటుంది. ఆర్ట్ స్కూల్లో యూరప్ పద్ధతి నేర్చుకుని పోర్ట్రెయిట్లు వేసినాయన, అదంతా పక్కనపెట్టి ఈ పటాల దారి పట్టాడు. మామూలు ఇళ్లల్లోనూ తన బొమ్మ ఉండాలని ధర తక్కువే పెట్టేవాడు. అంత దగ్గరగా వచ్చిన కళని చూసి మనమెందుకు భయపడాలి, చెప్పండి?

కల్లు కాదు, బెల్లం

ఇక తిండి. చలికాలంలో అక్కడ తప్పక తినాల్సింది నోలెన్ గుడ్. మన ఈతచెట్టే! సాయంత్రం గీత పెట్టి కుండ కడతారు, తెల్లారకముందే దించి ఆ నీరాని కాచి బెల్లం చేస్తారు. మన దగ్గర కల్లయ్యేది అక్కడ సందేశ్, రసగుల్లాల్లోకి చేరుతుంది. పొగవాసన కలిసిన ఆ తీపి చలి పోతే దొరకదు. పొద్దున్నే పచ్చి బఠాణీ కూరిన కొచూరీ, ఆలూదమ్. మధ్యలో మట్టి ముంతలో టీ. బిర్యానీలో బంగాళాదుంప మాత్రం... హైదరాబాదీలూ, గొడవకి దిగకండి. ముందు ఆ దుంప తిని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

అరగాలంటే ఉత్తర కోల్‌కతాలోని కుమార్‌టులి దాకా నడవండి. గడ్డి కట్టి, మట్టి మెత్తి దేవతల్ని చేసే సందులవి. జనవరిలో సరస్వతి పూజ హడావిడి మొదలవుతుంది. ఇంకా కళ్లు దిద్దని సరస్వతులు వరసగా నిలబడి ఉంటారు. పనిచేసుకునేవాళ్లకి అడ్డం పడకుండా, అడిగి ఫొటో తీసుకోండి.

కృష్ణ ఒడ్డు రాయి

ఆఖరి రోజు ఇండియన్ మ్యూజియం. 1814లో మొదలైంది, దేశంలో మొట్టమొదటిది. భార్హుత్ స్తూపం ఎర్రరాతి కంచె మీద జాతక కథలు చెక్కి, పక్కనే బ్రాహ్మీ లిపిలో పేర్లు కూడా చెక్కారు. చూసేవాళ్లకి అర్థం కాదేమోనని రెండు వేల ఏళ్ల కిందటే క్యాప్షన్లు పెట్టారన్నమాట!

అక్కడే ఓ తెల్లరాయి పక్కన ‘అమరావతి’ అని కనిపించింది. మాది గుంటూరు. కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడికెళ్లడం, కృష్ణలో కాళ్లు తడుపుకోవడం... అమరావతి అంటే నాకు అంతే. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ తవ్వించిన కాలిన్ మెకంజీ కొన్ని శిల్పాల్ని కలకత్తా పంపాడు. ఇంకా కొన్ని తర్వాత చెన్నై, లండన్ చేరాయి.

నేనెంతకీ కదలకపోయేసరికి గార్డు దగ్గరికొచ్చాడు. ‘ఈ రాయిది మా ఊరి పక్కనే దాదా’ అన్నాను, నాకొచ్చిన హిందీలో. ఆయన ఏమీ మాట్లాడలేదు. తన కుర్చీ తెచ్చి నా పక్కన వేశాడు. అరగంట కూర్చున్నా. శిల్పశాస్త్రం ముక్క కూడా తెలీదు. కానీ తలపాగాల ముడులు, గాజుల వరసలు, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తున్న జనం... తిరనాళ్లలో నిలబడ్డట్టే ఉంది. ఇంతకంటే అర్థం కావాల్సిందేముంది?

వెళ్లేవాళ్లకి ఒక్క జాగ్రత్త. ఇండియన్ మ్యూజియానికీ, విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలకీ సోమవారం సెలవు. ఆ రోజు మల్లిక్ ఘాట్ పూల మార్కెట్ చూసి, హౌరా బ్రిడ్జి నీడలో ఫెర్రీ ఎక్కండి. జేబులో రెండు సందేశ్‌లు ఉంచుకోవడం మర్చిపోవద్దు.