బగ్గు మూశారు సరే, ఏ వెర్షనులో?

కొన్నాళ్ళ కిందట తెలుగు పద్యాల ఫైలొకటి తెరిస్తే వత్తులు అక్షరాల కింద కాక పక్కకు జారి కూర్చున్నాయి. నేను వాడే లినక్సు పంపిణీ వారి బగ్గుల పట్టికలో ఆ ఫిర్యాదు అప్పటికే ఉంది. ఎదురుగా "పరిష్కృతం" అని గుర్తు! ఉన్న తాజాకరణలన్నీ ఎక్కించి చూశాను, వత్తులు కదలలేదు. అడిగితే వచ్చిన జవాబు: దోషం ఫాంటుది కాదట, అక్షరాలను కూర్చే లైబ్రరీదట, దాని మూలకర్తలు సరిదిద్దారట. ఆ సరిదిద్దిన లైబ్రరీ నా పంపిణీలోకి అడుగుపెట్టనే లేదు.

ఇది ఒక్కరి అలసత్వమే అయితే ఇంత వ్రాయను. బగ్గుకు ఒకే స్థితి ఉంటుందనీ, అది తెరిచి ఉండాలి లేదా మూసి ఉండాలనీ అనుకోవడంతోనే నా పేచీ. తెరమీద ఒక తెలుగు వత్తు కుదురుగా నిలవాలంటే ఫాంటు, హార్ఫ్‌బజ్, పాంగో, ఆపైన మనం వాడే అనువర్తనం, నాలుగూ సహకరించాలి. నాలుగూ వేరువేరు ప్యాకేజీలు. డెబియన్‌లో ఒక్కొక్కటి స్టేబుల్, టెస్టింగ్, అన్‌స్టేబుల్ అని మూడు చోట్ల ఉంటుంది. నాలుగు మూళ్ళు పన్నెండు. పన్నెండు ప్రశ్నలకు ఒక్క "పరిష్కృతం" ఎలా జవాబవుతుంది?

డెబియన్ వారు ఈ సంగతి గ్రహించి 2005లో తమ బగ్గుల వ్యవస్థకు వెర్షన్ల లెక్క నేర్పారు. అంతకు ముందు కొత్త ప్యాకేజీ అన్‌స్టేబుల్‌లోకి చేరగానే బగ్గు మూతపడేది. స్టేబుల్ వాడేవాడు అదే దోషాన్ని అనుభవిస్తూనే ఉండేవాడు. ఇప్పుడు ఏ వెర్షనులో కనబడింది, ఏ వెర్షనులో పోయింది అని విడివిడిగా నమోదవుతుంది. ఒకే బగ్గు ఒకచోట మూసి, మరొకచోట తెరిచి ఉండగలదు. సంఖ్య పెద్దదైనంత మాత్రాన సవరణ అందులో ఉన్నట్టు కాదు కనుక, ఛేంజ్‌లాగ్ చదివి ఏ వెర్షను దేనినుంచి పుట్టిందో, ఆ వంశవృక్షాన్ని చూస్తుంది. దోషం లైబ్రరీదై బాధ అనువర్తనానిదైతే, బగ్గును లైబ్రరీకి బదిలీచేసి అనువర్తనం పుటలోనూ కనబడేలా "అఫెక్ట్స్" అని గుర్తు పెట్టవచ్చు.

ఉబుంటు వారి లాంచ్‌ప్యాడ్ ప్యాకేజీకొక వరుస ఇస్తుంది, ఒక్కొక్క వరుసకు వేరే స్థితి. మంచిదే. అయితే విడుదల పేరు లేని వరుస తయారీలో ఉన్న విడుదలకు వర్తిస్తుంది. పాత విడుదల వాడే అమాయకుడు "ఫిక్స్ రిలీజ్డ్" చూసి తన కంప్యూటరునే అనుమానిస్తాడు.

"జీతం లేని స్వచ్ఛంద సేవకులం, ఇంత చిట్టా ఎవరు వ్రాస్తారు?" అంటారు. వారి శ్రమ మీద నాకు గౌరవమే. కానీ డెబియన్‌లో కావలసింది బగ్గును మూసే ఉత్తరం మొదట్లో వెర్షను సంఖ్యతో ఒకే ఒక్క పంక్తి. అది వ్రాయకుంటే అన్ని వెర్షన్లలోనూ మూసినట్టే లెక్క! ఆ ఒక్క పంక్తి బద్ధకానికి అదే దోషం మీద మరో పది ఫిర్యాదులు వస్తాయి. వాటిని చదవవలసిందీ ఆ సేవకులే కదా.

ఫిర్యాదు చేసేవారు నయం. మా ఊళ్ళో ఉపాధ్యాయుడొకాయన "లినక్సులో తెలుగు సరిగా రాదండీ" అని తీసేసి పాత పద్ధతికి పోయాడు. ఆయన ఏ పట్టికలోనూ లేడు.

నా ఫిర్యాదును లైబ్రరీ ప్యాకేజీకి మార్చి తిరిగి తెరవమని, నా దగ్గరున్న వెర్షను సంఖ్యతో సహా మళ్ళీ వ్రాశాను. పట్టికలో "పరిష్కృతం" అలాగే ఉంది. వత్తులూ పక్కనే ఉన్నాయి.