పంచవన్నెల చిలుక: శుద్ధజాతియా, సంకరజాతియా?

ఒక సోదరి యీ మాసమున మాకిట్లు వ్రాసినారు. కుమార్తె పుట్టినరోజునకు మకావ్ చిలుకను కొనియిత్తునని ఆమె పెనిమిటి మాట యిచ్చినారట. పక్షులమ్మువాడు రెండు పిల్లలను చూపినాడట. ఒకటి వీపున నీలము, రొమ్మున పసుపు గల శుద్ధజాతి. రెండవది రొమ్మున నారింజవన్నె గల సంకరజాతి. దాని పేరు కాటలీనా. దీనికి వెల హెచ్చు చెప్పి, సంకరములకు రోగములు రావనియు, అవి మిక్కిలి సాధువులనియు నమ్మబలికినాడట. ఏది కొనుట మంచిదని ఆమె ప్రశ్న. లక్షలలో నుండు వెల. అంతకంటెను ఒక బిడ్డ మనసుతో ముడిపడిన విషయము. కావున జవాబు కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

మకావులు మన దేశపు పక్షులు కావు. మెక్సికో మొదలుకొని అర్జెంటీనా ఉత్తరభాగము వరకు గల అమెరికా ఖండపు అడవులే వాని పుట్టినిండ్లు. నీలిపసుపు మకావ్ ముక్కు మొదలు తోక కొన వరకు ఇంచుమించు 85 సెంటీమీటర్ల పొడవు, ఒక కిలోగ్రాము బరువు ఉండును. ఎఱ్ఱ మకావ్ పొడవును అంతే; దాని రెక్కలపై పసుపుపట్టె కానవచ్చును. పచ్చరెక్కల మకావ్ అంతకంటె పెద్దది. దాని మేను ముదురెఱుపు, రెక్కపై పసుపునకు బదులు ఆకుపచ్చపట్టె. బ్రెజిలు దేశపు పంతనాల్ చిత్తడి మైదానములలో నుండు హయసింత్ మకావ్ అన్నిటికంటె దీర్ఘమైనది. నిలువెల్ల నీలమే, పొడవు ఒక మీటరు. మనము రాతితో మోదవలసిన తాటిజాతి కాయలను అది ముక్కుతోనే పగులగొట్టి తినును. ఆ ముక్కు ఇంటి కిటికీ చట్రమును ఏమి చేయగలదో చదువరులే ఊహింతురుగాక.

"శుద్ధజాతి" అను మాటయే యిచట కొంత తికమక పెట్టును. ఒంగోలు గిత్త, గిర్ ఆవు అన్నపుడు అవి పశువులలో తెగలు. మనుష్యులు తరతరములుగా ఏర్చి కూర్చి పెంచినవి. ఎఱ్ఱ మకావ్, నీలిపసుపు మకావ్ అట్టి తెగలు కావు. ప్రకృతియే వేఱు చేసిన వేర్వేరు జాతులు. ఆమెజాన్ అడవిలో పెక్కుచోట్ల రెండును ఇరుగుపొరుగుననే యున్నను, ఒకదానితో నొకటి జతగూడుట మిక్కిలి అరుదు. పంజరములలో మాత్రము తన జాతి తోడు దొరకక అన్యజాతిదానితో జతకట్టుట కలదు. వన్నె కొఱకును, వెల కొఱకును కావలెననియే జతగూర్చు పెంపకపువారును కలరు.

ఇట్లు పుట్టినవానికి అమెరికాలో ముద్దుపేర్లు పెట్టినారు. నీలిపసుపుదానికిని ఎఱ్ఱదానికిని పుట్టినది కాటలీనా. నీలిపసుపుదానికిని పచ్చరెక్కలదానికిని పుట్టినది హార్లెక్విన్. ఆ కాటలీనాకును మరల ఎఱ్ఱదానికిని పుట్టినది కామెలాట్. కంచరగాడిదవలె ఇవి గొడ్డువి కావు. వీనికిని పిల్లలు కలుగును. అందుచేత కలయిక ఒక తరముతో ఆగదు. మొదటి తరమున తల్లి పసుపు, తండ్రి యెఱుపు కలిసి నారింజవన్నె యగును. రెండవ, మూడవ తరములలో ఒక గూటి పిల్లలే ఒకదానివలె నొకటి యుండవు. అపుడు పక్షిని చూచి దాని పూర్వులెవరో నిర్ణయించుట నిపుణులకును కష్టమే.

ఇక గుణముల మాట. నీలిపసుపుది కలుపుగోలు పక్షి యనియు, ఎఱ్ఱది చురుకును కోపమును గలదనియు, పచ్చరెక్కలది ఆకారమునకు పెద్దదైనను నెమ్మదస్తురాలనియు పెంచినవారు చెప్పుదురు. ఈ మాటలలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ఒకే తల్లి బిడ్డలలో ఒకడు పెంకె, ఒకడు శాంతుడు కావచ్చును గదా! సంకరపు పిల్ల తల్లి గుణమును తెచ్చుకొనునో, తండ్రి గుణమునో, రెండును కలిపి మూడవదానినో ముందుగా చెప్పగలవారు లేరు. నీలిపసుపుదానిని కొనువారికి దానిజాతి పక్షులను పెంచిన వేలమంది అనుభవము ఆధారముగా నుండును. సంకరమునకు అంతటి ఆధారము లేదు. భేదమింతే. ఏ జాతిదైనను అయిదారేండ్ల ప్రాయమున యౌవనము వచ్చునపుడు మొండితనము చూపును; అంతవరకు బిడ్డవలె భుజమెక్కినది అకస్మాత్తుగా కఱచుట మొదలిడును. చిలుకను వదలించుకొనగోరు ఇండ్లలో పెక్కింటికి ఈ ప్రాయమే కారణము.

సంకరములకు రోగములు రావనుట వట్టి అంగడిమాట. దూరపు సంబంధముల వలన కొన్ని ప్రాణులలో బలము కలుగుట నిజమే గాని, అంటురోగము జాతిని విచారించి రాదు. మకావులను క్రమముగా కృశింపజేసి చంపు వ్యాధి యొకటి 1970 దశకపు చివర బయటపడినది. పక్షుల బోర్నా వైరస్ దానికి మూలమని 2008లో కనుగొన్నారు. అది శుద్ధమును విడువదు, సంకరమును విడువదు. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే పెట్టిన యెడల రెంటికిని కాలేయమున క్రొవ్వు చేరును. కూరలు, పండ్లు, పక్షుల కొఱకు తయారగు గుళికల ఆహారము, మితముగా గింజలు, కాయపప్పులు: ఇది రెంటికిని సరియైన మేత. అవకాడో పండు, చాక్లెటు రెంటికిని విషమే.

గృహిణులు ముఖ్యముగా తెలిసికొనవలసినది మఱియొకటి కలదు. నాన్‌స్టిక్ పెనము పొయ్యిమీద మఱచి పోవుటచే అతిగా కాగినయెడల దాని పూతనుండి వెలువడు ఆవిరి పక్షిని నిమిషములలో చంపగలదు. మన ముక్కునకు ఆ వాసన తెలియకనే పోవచ్చును. చిలుక ఉన్న యింట ఇనుప పెనమో, మట్టిమూకుడో చాలునని మా యభిప్రాయము. ఇనుప పెనము మీది దోసె రుచి వేఱుగా చెప్పనక్కఱలేదు.

వన్నెను గూర్చి ఇంత చర్చించువారు ఆయువును గూర్చి అడుగరేమో! మకావ్ మనుష్యుల యింట 50, 60 ఏండ్లు బ్రతుకగలదు. పదేండ్ల పాపకు కానుకగా వచ్చిన చిలుక ఆమె మనుమల కాలమున గూడ ఉండవచ్చును. నడుమ ఆమె చదువునకు పోవును, పెండ్లియై అత్తవారింటికి పోవును. ఆ అత్తవారు తెల్లవారుజామున, మరల సాయంకాలమున ఇరుగుపొరుగుకు వినబడు కేకను సహింతురా? అంతవరకు పంజరము శుభ్రము చేసి, మేత కోసి పెట్టి, రోజునకు కొన్ని గంటలు పక్షితో గడపువారెవరు? కొనువారు నాన్నగారు, ఆడుకొనువారు అమ్మాయి, మోయువారు అమ్మ: అన్ని యిండ్ల కథయు నిదియే. ఒంటరిగా విడువబడిన మకావ్ తన యీకలను తానే పెఱికికొనును. దానిని చూచుట కడు బాధాకరము.

కొనదలచినవారు మేత తనంతట తినని పసిపిల్లను కొనరాదు. "మీ చేత తిన్నయెడల మీకే మాలిమి యగును" అని చెప్పి, సిరంజితో జావ పోయవలసిన పిల్లలను అంటగట్టుచుందురు. జావ వేడి కొంచెము హెచ్చినచో మెడతిత్తి కాలును. కొంచెము త్రోవ తప్పినచో ఊపిరితిత్తులలోనికి పోవును. మాలిమి తరువాతనైనను వచ్చును. అమ్మువాడు చూపు డి.ఎన్.ఏ. పత్రమును గూడ చదివి చూడవలెను. మకావులలో ఆడుమగ చూపునకు ఒక్కటే గనుక, సాధారణముగా ఆ పత్రము పక్షి ఆడదో మగదో మాత్రమే చెప్పును. జాతిశుద్ధికి అది సాక్ష్యము కాదు. కాలికి అతుకు లేని గుండ్రని కడియమున్నచో అది గూటిలో పసిపిల్లగా నున్నపుడే వేసినదని నమ్మవచ్చును. పెరిగిన పక్షి పాదమునకు అట్టి కడియము ఎక్కదు.

ఇంతవరకు చూడగా ఇంటి తోడు కొఱకైన యెడల శుద్ధమునకును సంకరమునకును పెద్ద భేదము లేదనియే తేలుచున్నది. భేదమున్నది మఱియొకచోట. అడవినుండి పట్టిన పక్షుల దిగుమతిని అమెరికా 1992 నాటి చట్టముచే చాలవరకు నిలిపినది. ఐరోపా సమాజము 2007లో శాశ్వతముగా నిషేధించినది. అది మంచి పనియే. అయితే నాటినుండి అచ్చటి పంజరములలో నున్న పక్షులే మూలధనము. అందులో ఒక ఎఱ్ఱ మకావును వన్నె కొఱకు అన్యజాతికి జతపఱచిన, దాని సంతతి ఆ మూలధనమునుండి తరిగినట్లే. బొలీవియా దేశపు నీలికంఠపు మకావ్ అడవిలో కొన్ని వందలు మాత్రమే మిగిలినది. చూపునకు నీలిపసుపుదానిని పోలియుండుటచే దానిని కలిపినపుడు నష్టము కంటికైనను కానరాదు.

స్పిక్స్ మకావ్ కథ దీనికి నిదర్శనము. బ్రెజిలు ఈశాన్యమున బహియా రాష్ట్రమున నుండు చిన్న నీలిచిలుక అది. 1990 నాటికి అడవిలో ఒక్క మగపక్షి కానవచ్చినది. తన జాతి ఆడుపక్షి లేక అది ఇల్లిగర్ మకావ్ అను వేఱొక జాతిదానితో జతగట్టి తిరిగెను, పిల్లలు దక్కలేదు. 1995లో పంజరమున పెరిగిన స్పిక్స్ ఆడుపక్షిని దాని కొఱకు విడిచిరి. కొద్దికాలమునకే అది కనబడకపోయెను. 2000లో ఆ మగపక్షియు మాయమయ్యెను. మరల 2022 జూన్ నెలలో ఆ యడవిలో స్పిక్స్ మకావులు ఎగిరినవన్న, పంజరములలో అన్యజాతితో కలియక నిలిచిన కొలది పక్షుల సంతతి యుండుట చేతనే. మన నెల్లూరు, ఒంగోలు సీమల పశువులు ఓడలెక్కి బ్రెజిలుకు పోయి, "నెలోర్" అను పేరుతో అచ్చట మందలు మందలుగా వర్ధిల్లుచున్నవి. మన పశువుల తెగను వారు అంత శ్రద్ధతో నిలిపినారు. వారి చిలుకలు మన యిండ్లకు వచ్చినపుడు మనమును కొంత శ్రద్ధ చూపదగును.

చట్టము సంగతి. మన రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. జోస్యము చెప్పువారి పంజరమును చూచి అది తప్పు కాదనుకొనరాదు. ఆ చట్టమును 2022లో సవరించిరి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ప్రకారము మకావ్ వంటి విదేశపు ప్రాణిని ఉంచుకొనువారు "పరివేష్" అను ప్రభుత్వ సైటు ద్వారా నమోదు చేయించవలెను. పెంపుడు ప్రాణికి పిల్లలు పుట్టినను, అది చనిపోయినను తెలుపవలెను. అంతర్జాతీయ వర్తకపు ఒడంబడికలో నీలిపసుపుది రెండవ జాబితాలోను, ఎఱ్ఱది కఠినమైన మొదటి జాబితాలోను ఉన్నవి. ఈ రెంటి సంకరము తల్లిదండ్రులలో కఠినమైన జాబితాలోని దానినే యనుసరించును. కాగితములు లేని కాటలీనా కొన్నవారికి వచ్చు చిక్కు, నీలిపసుపుదానిని కొన్నవారి చిక్కు కంటె తక్కువ కాదు, ఎక్కువే.

కావున జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. నారింజవన్నె పిల్లకు అడుగు హెచ్చు వెల వన్నె కొఱకే గాని ఆరోగ్యము కొఱకు గాదు, గుణము కొఱకు గాదు. ఆ వెల యిచ్చుట మఱిన్ని సంకరములు పుట్టించుడని చెప్పుటయే. కాగితములు సరిగా నున్నయెడల నీలిపసుపుదానిని తీసికొనుడు. అయితే ఎవరింటనైనను పెరిగి, కాగితములు గలిగి, పెంచలేమని విడువబడుచున్న సంకరపు పక్షి మీకు దొరకినచో వెనుదీయనక్కఱలేదు. పుట్టుక దాని తప్పు గాదు. దానిని పిల్లలు పెట్టింపక ఉంచుకొన్న చాలును. ఏది తెచ్చినను కొనుటకు ముందు అమ్మాయిని వెంటబెట్టుకొని రెండు మూడుమార్లు, అందొకమారు తెల్లవారుజామున, పోయి చూడుడు. మీ యూరిలో పక్షివైద్యము తెలిసిన పశువైద్యుడున్నాడేమో విచారింపుడు. మిగిలిన సొమ్ముతో పక్షి రెండు రెక్కలును బారజాపగల పెద్ద యినుప పంజరము వచ్చును. అది మీ వీధిగుమ్మమున పట్టునో పట్టదో ముందుగా కొలిచి చూచుకొనుడు.